వంత పాడినవారు: పల్నాటి వీరగాథలో సహాయ పాత్రల విలువ



పల్నాటి యుద్ధంలో పాల్గొన్నవారి పేర్లు చెప్పమంటే మీలో చాలామంది ముందుగా బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు అంటారు. కొంచెం ఆగి మాంచాల పేరు చెబుతారు. గురజాల, మాచర్ల వైపు నుంచి వచ్చినవారైతే కన్నమదాసు పేరు కూడా తప్పక చెబుతారు. అనపోతురాజు పేరు చెప్పేవారు అరుదు. ఇక బాలచంద్రుని వెంట నడిచి రణభూమిలో పడిపోయిన కుమ్మరి, మంగలి, చాకలి తమ్ముళ్లు మనకు పేరుతో కాక కులవృత్తితోనే గుర్తుంటారు. ఈ పాఠం ముఖ్యంగా వారి గురించి.

కథానాయకుని పక్కన నిలిచి, అతని పని అతడు చేయడానికి వీలు కల్పించే పాత్రను ఇక్కడ 'సహాయ పాత్ర' అందాం. దూత, సేనాని, చెలికాడు, భార్య, తల్లి, గాయం కట్టేవాడు, వార్త మోసేవాడు అందరూ ఈ కోవకే వస్తారు. వీరగాథను చరిత్రకు ఆకరంగా చదివే విద్యార్థి చూపు మొదట నాయకుని మీదకే పోతుంది. అది సహజం, గాథ కట్టిందే అతని కోసం. కానీ ఆ గాథను పాడుకున్న సమాజం ఎలా ఉండేదో తెలియాలంటే నాయకుని కన్నా అతని పక్కవారే ఎక్కువ చెబుతారని నా అభిప్రాయం. నాయకుడు ఎలా ఉండాలన్నది ఆదర్శాన్ని బట్టి ఉంటుంది. పక్కవారిని ఎవరు ఎక్కడ నిలబెట్టారు, ఎవరిని వెనక్కి పంపారు, ఎవరిని చావనిచ్చారు అన్నది ఆ సమాజపు అలవాటును బట్టి ఉంటుంది.

ఒక ఆట, దాని నియమాలు

మీలో కొందరు, లేదా మీ ఇంట్లో చదువుకుంటున్న పిల్లలు, బల్ల చుట్టూ కూర్చుని ఆడే కాల్పనిక పాత్రధారణ ఆటల గురించి వినే ఉంటారు. వాటిలో మొదటిగా చెప్పుకోదగ్గది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. దీన్ని గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో ప్రచురించారు. కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. ఒకరు సూత్రధారిగా కథ నడుపుతారు. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, చీకటి గుహల్లోకి, శిథిల దుర్గాల్లోకి కలిసి ప్రయాణం చేస్తారు. అదంతా మాటల్లోనే జరుగుతుంది.

చరిత్ర పాఠంలో దీని ప్రస్తావన ఎందుకంటే, మన వీరగాథలు చెప్పకుండా వదిలేసిన ఒక విషయాన్ని ఈ ఆట నియమంగా రాసిపెట్టింది. మొదటి నియమాల ప్రకారం ఆటగాడు మూడు తరగతుల్లో ఒకటి ఎంచుకోవాలి: యోధుడు, మంత్రవేత్త, పురోహితుడు. పురోహితునికి యోధునంత కత్తిబలం లేదు, మంత్రవేత్తకున్న మంటలూ పిడుగులూ లేవు. అతని ప్రధాన ప్రయోజనం గాయపడినవారిని తిరిగి నిలబెట్టడం. అతడు లేని జట్టు మొదటి పోరులో గెలిచినా, రెండో పోరుకు మిగలడం కష్టం. ఇంకో నియమం మరీ ఆసక్తికరమైనది. నాయకుడు కూలికి అనుచరులను పెట్టుకోవచ్చు. అయితే వారి విధేయతకు ఒక లెక్క ఉంటుంది. సరిగా చూసుకోకపోతే, ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు పాచిక పడిన తీరును బట్టి వారు నాయకుణ్ణి వదిలి పారిపోవచ్చు. అంటే అనుచరుని నమ్మకం ఉచితంగా రాదని ఆట ఒప్పుకుంది.

ఇలాంటి ఆలోచన మనకు కొత్తేమీ కాదు. మన ఊళ్లలో రచ్చబండల మీద, గుడి అరుగుల మీద గీతలు గీసి ఆడే పులిజూదం చూడండి. పులులు మూడు, మేకలు పదిహేను. ఒంటరి మేకను పులి దూకి చంపుతుంది. పక్కన ఇంకో మేక ఆనుకుని ఉంటే పులికి దూకే చోటు ఉండదు. ఆ ఆటలో మేకకు సొంత బలమంటూ లేదు, ఉన్నదంతా పక్క మేక ఇచ్చేదే.

ఇక్కడ ఒక తేడా మనసులో ఉంచుకోండి, తరువాత దీనితో పని ఉంది. బల్ల దగ్గర ఆడేవాడు సహాయ పాత్రను తానే కోరి ఎంచుకుంటాడు. పురోహితుడి పాత్ర వద్దనుకుంటే యోధుడి పాత్ర తీసుకోవచ్చు. పల్నాటి కథలో కుమ్మరి తమ్మునికి ఆ వెసులుబాటు ఉందా?

బాలచంద్రుని తమ్ములు

కథ మీకు తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. హైహయ వంశీయుడైన అలుగురాజు వెలనాటి చోడుల ఇంటి అల్లుడై పల్నాటికి ప్రభువయ్యాడు. అతని కొడుకుల మధ్య రాజ్యం చీలింది. గురజాలలో నలగామరాజు, అతని పక్షాన మంత్రిణి నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, అతని పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపోరులో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి పంపిన రాయబారం విఫలమైంది. నాగులేటి ఒడ్డున కారెంపూడి దగ్గర యుద్ధం జరిగింది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా దీన్ని 1182 ప్రాంతానికి చెందినదిగా చెబుతాయి. ఓరుగల్లులో కాకతీయ రుద్రదేవుడు పాలిస్తున్న కాలమది. వెలనాటి వారి బలం తగ్గి, తీరాంధ్రం వైపు కాకతీయులు విస్తరించడానికి దారి ఏర్పడుతున్న దశ.

ఒక హెచ్చరిక. సంఘటనల వివరాలు మనకు అందింది ప్రధానంగా గాథ ద్వారా. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన 'పల్నాటి వీరచరిత్ర' ద్విపద కావ్యం 15వ శతాబ్దికి చెందినది. అంటే యుద్ధానికీ ఆ కావ్యానికీ మధ్య రెండు శతాబ్దాలకు పైగా దూరం ఉంది. అందులో మనకు దక్కిన భాగం ముఖ్యంగా బాలచంద్రుని కథ. దాన్ని 20వ శతాబ్ది ఆరంభంలో పరిష్కరించి అచ్చులోకి తెచ్చినవారు అక్కిరాజు ఉమాకాంతం. ఇక పాడేవారి నోట నిలిచిన 'పల్నాటి వీరుల కథ' వేరు, అది ఇంకా విస్తారమైనది. కాబట్టి "12వ శతాబ్దిలో ఇలా జరిగింది" అని రాసేముందు "ఇలా జరిగిందని తరువాతి తరాలు పాడుకున్నాయి" అని రాయడం అలవాటు చేసుకోండి. పరీక్షలో కూడా ఈ తేడా చూపిన జవాబుకు విలువ ఎక్కువ.

ఇప్పుడు తమ్ముళ్ల దగ్గరికి వద్దాం. బాలచంద్రునితో పాటు పెరిగినవారు, అతడు తమ్ములని పిలిచేవారు ఒక చిన్న దళంగా ఉంటారు. వారు ఒక కులంవారు కారు. బ్రాహ్మణుడైన అనపోతురాజు ఉన్నాడు. కంసాలి, కుమ్మరి, మంగలి, చాకలి ఉన్నారు. ఒక పల్లెలో ఒకరి పని ఒకరికి అవసరమైన వృత్తులన్నీ ఆ దళంలో కనిపిస్తాయి. యుద్ధానికి ముందు బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే వరుసలో చాపల మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని గాథ చెబుతుంది. చాపకూడు అంటే అదే. ఈ రెండు విషయాలను కలిపి చాలామంది పల్నాటి కథను సమతకు నిదర్శనంగా చెబుతారు. సభల్లోనూ సినిమాల్లోనూ ఈ మాట తరచుగా వింటాం.

అనపోతురాజు ఘట్టం దగ్గర ఆగి చదివితే చిత్రం కొంత మారుతుంది. కారెంపూడికి వెళ్లే దారిలో బాలచంద్రుడు ఒక నెపం పెట్టి అనపోతును వెనక్కి పంపిస్తాడు. బ్రాహ్మణుడు యుద్ధంలో చనిపోతే ఆ పాపం తమను చుట్టుకుంటుందన్నది కారణం. అనపోతు పని ముగించుకుని తిరిగి వచ్చేసరికి అన్న లేడు, తమ్ములు లేరు. తనను వదిలించుకోవడానికే పంపారని తెలుసుకుని అక్కడే ప్రాణం తీసుకుంటాడు. పాపం తగలకూడదని చేసిన పనే అతని చావుకు కారణమైంది. మన వీరగాథలన్నిటిలో నాకు అత్యంత బాధాకరంగా తోచే ఘట్టాల్లో ఇదొకటి. ఇందులో శత్రువు లేడు, కత్తి దూసినవాడు లేడు. కలిసి చావడానికి కూడా తనకు అర్హత లేదన్నారే అన్న దుఃఖం మాత్రం ఉంది.

ఇందులో చరిత్ర విద్యార్థి పట్టుకోవలసిన మాట ఒకటుంది. కంసాలి తమ్ముణ్ణి, కుమ్మరి తమ్ముణ్ణి ఎవరూ నెపం పెట్టి వెనక్కి పంపలేదు. మంగలిని, చాకలిని పంపలేదు. వారు చనిపోతే ఎవరికీ పాపం చుట్టుకోదు. ఒకే చాప మీద తిన్న తమ్ముళ్లే. చావు ముందు నిలబడేసరికి ఎవరి ప్రాణం బరువు ఎంతో మళ్లీ కులమే తూచింది. గాథ దీన్ని విమర్శగా చెప్పలేదు. అది సహజమేనన్నట్లు చెప్పింది, అందుకే దానికి సాక్ష్యంగా విలువ ఎక్కువ. కవి గానీ గాయకుడు గానీ చాపకూడు గురించి చెప్పేటప్పుడు ఒక ఆదర్శాన్ని చూపిస్తున్నానని తెలిసే చెబుతాడు. అనపోతును పంపించేటప్పుడు మాత్రం తన సమాజపు లెక్కను తెలియకుండానే బయటపెడతాడు. చాపకూడును తక్కువ చేయాలన్నది నా ఉద్దేశం కాదు. అంతటి ఆదర్శాన్ని ఊహించి పాడుకున్న సమాజమే ఈ లెక్కను కూడా వదులుకోలేకపోయింది. జవాబు రాసేటప్పుడు రెండిటినీ కలిపి చెప్పాలి.

కన్నమదాసు, అలరాజు, ఇంటి ఆడవారు

కన్నమదాసు సంగతి వేరు. అతడు మాల కులానికి చెందినవాడు. బ్రహ్మనాయుడు కొడుకుగా పెంచుకుని సేనాధిపత్యం అప్పగించాడని గాథ. సహాయ పాత్రల్లో ఇంతటి స్థానం పొందినవారు తక్కువ. ఇతని పేరు ఇంత గట్టిగా నిలవడానికి కథలోని ప్రాముఖ్యం ఒక్కటే కారణం కాదు. పల్నాటి వీరుల కథను తరతరాలుగా పాడుతూ వచ్చిన వృత్తిగాయకుల్లో మాల కులానికి చెందిన విద్యావంతులు ముఖ్యులు. 'విద్యావంతులు' అంటే ఇక్కడ చదువుకున్నవారని కాదు, ఆ పేరుగల గాయక శాఖ. 1970లలో అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాడుకు వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను సేకరించి, 1982లో ఇంగ్లీషు అనువాదంతో సహా గ్రంథంగా ప్రచురించాడు. ఆ గాయకుడు విద్యావంతుల శాఖవాడే. తమవాడైన సేనానిని తాము మరవలేదు, ఊరినీ మరవనివ్వలేదు. ఏ సహాయ పాత్ర పేరు నిలుస్తుంది, ఏది చెరిగిపోతుంది అన్నది ఆ కథను ఎవరు పాడుతున్నారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. కుమ్మరి, చాకలి తమ్ముళ్ల పేర్లు ఆ గాయకులకు తెలుసు, మనకే తెలియదు.

అలరాజు రాయబారి. నలగామరాజుకు అల్లుడు, మాచర్ల పక్షానికి ఆప్తుడు. రెండు పక్షాల మధ్య మాట్లాడగల మనిషి అతడొక్కడే. రాజ్యభాగం అడగడానికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగంతో మరణించాడు. అతని భార్య పేరిందేవి, అంటే నలగాముని కూతురు, సహగమనం చేసింది. ఆ ఇద్దరి చావుతో రాజీకి ఉన్న ఆఖరి దారి మూసుకుపోయింది. యుద్ధ కారణాలు రాయమన్న ప్రశ్నకు విద్యార్థులు కోడిపోరు గురించి రెండు పేజీలు రాసి, అలరాజుకు ఒక వాక్యం ఇస్తారు. నిజానికి కోడిపోరు తెచ్చింది వలస. యుద్ధాన్ని తెచ్చింది మధ్యవర్తి మరణం.

ఇక స్త్రీలు. బాలచంద్రుణ్ణి యుద్ధానికి దూరంగా ఉంచాలని పెద్దలు చూశారు. అతడు తోటివారితో బొంగరాలు ఆడుతున్నాడు. ఆ బొంగరం తగిలి గాయపడిన ఒక కోమటి ఇల్లాలి మాటల వల్లే యుద్ధం సంగతి అతనికి తెలిసింది. తల్లి ఐతాంబ దగ్గరికి వెళ్లాడు. ఆమె కోడలి దగ్గరికి వెళ్లి సెలవు తీసుకోమంది. అంతవరకు వేశ్య మోజులో పడి భార్య ముఖమే చూడని భర్త అతడు. అయినా మాంచాల అతణ్ణి నిందించి ఆపలేదు, ఆశపడి నిలుపుకోలేదు, వీరుడిగా సాగనంపింది. వీరిలో ఎవరూ యుద్ధభూమికి వెళ్లలేదు. కానీ వీరిలో ఏ ఒక్కరిని తీసేసినా బాలచంద్రుడు కారెంపూడి చేరడు. సినిమావారు ఈ సంగతి కొంత గ్రహించారు. 1947లో గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన 'పల్నాటి యుద్ధం'లోనూ, 1966లో వచ్చిన అదే పేరుగల చిత్రంలోనూ మాంచాలకు చోటు దక్కింది. అయినా ప్రేక్షకులకు గుర్తుండిపోయింది బ్రహ్మనాయుడు, నాగమ్మల తలపోరే. తారలను బట్టి కథ కుదించుకుపోవడం సినిమాలో మామూలే.

పండుగ, పాట, వంత

మౌఖిక సంప్రదాయం సహాయ పాత్రలను ఎలా కాపాడిందో చూడాలంటే కారెంపూడి వీరారాధన ఉత్సవం మంచి ఉదాహరణ. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు జరుగుతుంది. రోజుల పేర్లు వరుసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పేర్లు గమనించారా? రాజుల పట్టాభిషేకం లేదు, విజయోత్సవం లేదు. రెండో రోజు అలరాజు రాయబారానిది. మూడో రోజు మందపోరునాడు చాపకూడును గుర్తుచేసే సామూహిక భోజనం ఉంటుంది. చివరి రోజు వీరుల మరణానిది. పుస్తకంలో ఒక వాక్యంతో సరిపెట్టుకున్న రాయబారికి ఉత్సవంలో ఒక రోజంతా దక్కింది. వీరాచారవంతులు తమ వంశంలో పూజిస్తున్న వీరుల ఆయుధాలను మోసుకుని వస్తారు. ఆయుధం చేతబట్టిన మనిషి ఆ అయిదు రోజులూ ఆ వీరుని ప్రతినిధి. పాచికలు లేవన్న మాటే గానీ ఇది కూడా పాత్రధారణే. ఏ పాత్ర ఎవరిదన్నది మాత్రం పుట్టుకతో వస్తుంది.

ఈ కాలానికి పల్నాటి చేలలో పత్తి తీత సాగుతుంటుంది, మిరప కాపు మీదికి వస్తుంటుంది. ఇది పాత దృశ్యమేమీ కాదు. నాగార్జునసాగర్ నీరు 1967లో కాలువలకు వదిలాకే కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం మెట్ట భూముల రూపు మారింది. అంతకు ముందు ఇది జొన్నల సీమ. శ్రీనాథునికి ఆపాదించిన చాటువుల్లో ఇక్కడి జొన్నకూడు మీద విసుగు వినిపిస్తుంది. పంటలు మారాయి, పల్నాడు 2022లో వేరే జిల్లా అయింది. అయిదు రోజుల పేర్లు మాత్రం మారలేదు.

ఇప్పుడు శీర్షికలోని 'వంత' అన్న మాట చూద్దాం. నేటి వాడుకలో 'వంత పాడటం' అంటే ఎదుటివాడు ఏమంటే దానికి తలూపడం. 'తందానా అనడం' కూడా అంతే. రెండూ తక్కువచేసే మాటలే. ఈ రెండు మాటలూ కథాగానం నుంచి వచ్చినవే. కానీ బుర్రకథలో వంత చేసే పని తలూపడం ఎంతమాత్రం కాదు.

బుర్రకథ దళంలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు, భుజాన తంబుర, వేళ్లకు అందెలు. అటూ ఇటూ డక్కీలు పట్టుకుని ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథకుడు చరణం పాడగానే వంతలు 'తందాన తాన' అని అందుకుంటారు. ఆ క్షణంలో కథకునికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. రాత్రి పొద్దుపోయేదాకా, గంతులు వేస్తూ పాడేవాడికి ఈ వ్యవధి లేకపోతే గొంతు నిలవదు. ఇది మొదటి సాయం, శరీరానికి సంబంధించినది. రెండోది అంతకన్నా ముఖ్యం. వంత అడ్డు తగులుతాడు. "ఆగవయ్యా, అలా ఎలా జరిగింది?" అని అడుగుతాడు. "రాజుగారికి కోపం వస్తే మనకెందుకు ఆకలి?" అన్న తరహా ప్రశ్న వేస్తాడు. హాస్యగాడు జనం మనసులోని సందేహాన్ని నవ్వుగా మారుస్తాడు. రాజకీయ వంత పాత కథను నేటి సంగతికి ముడిపెడతాడు. పల్నాటి అన్నదమ్ముల పోరు చెబుతుండగానే శ్రోత తన ఊరి సంగతి గురించి ఆలోచించేలా చేసేది అతడే. కథకుడు 12వ శతాబ్దిలో ఉంటే వంత ఈ రోజులో ఉంటాడు.

ఈ రూపం పూర్వపు జంగం కథ నుంచి ఎదిగింది. అందులో కథకుని ఇంటి స్త్రీలే వంత పాడేవారు. 1940లలో ప్రజానాట్యమండలి దీన్ని చేపట్టి కొత్త వస్తువు ఇచ్చింది. సుంకర సత్యనారాయణ రాసిన 'కష్టజీవి' అలా వచ్చినదే. మోటూరి ఉదయం వంటివారు మహిళల దళాలు నడిపారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు పెద్ద పేరు తెచ్చాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలను ఊరూరా చెప్పాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. బ్రిటిష్ ప్రభుత్వమూ, నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి. వీరుల కథలు ప్రభుత్వాలకు కొత్తవి కావు, వాటి వల్ల భయమూ లేదు. భయపెట్టింది ఆ కథలకు రాజకీయ వంత తగిలించే వ్యాఖ్యానమని నేననుకుంటాను. నిషేధానికి కారణం ఆ పక్కపాత్ర అయితే, దాన్ని పక్కపాత్ర అని తీసిపారేయడం ఎలా?

మొదట మనసులో ఉంచుకోమన్న తేడాను ఇక్కడ గుర్తుచేసుకోండి. బల్ల దగ్గరి ఆటలో సహాయ పాత్రకు విలువ రావడానికి కారణం దాన్ని కోరి ఎంచుకోవడం, దానికి నోరు ఉండటం. గాయం మాన్పనని పురోహితుడు అంటే నాయకుడు బతిమాలుకోవాలి. గాథలోని కుమ్మరి తమ్మునికి ఎంపిక లేదు, అతని నోట గాథ పెద్దగా మాటలూ పెట్టలేదు. బుర్రకథ వంతకు రెండూ ఉన్నాయి. వేదిక మీద నిలిచి, కథ మధ్యలో ప్రశ్న వేసే హక్కు అతనిది. అదే పల్నాటి యుద్ధాన్ని పుస్తకంలో చదివినప్పుడు తమ్ముళ్లు మౌనంగా నడుస్తారు. బుర్రకథగా విన్నప్పుడు వారి తరఫున అడిగేవాడు ఒకడు డక్కీ పట్టుకుని పక్కనే ఉంటాడు. ఒకే కథ, ఒకే నేల, రెండు రూపాలు. మధ్యలో మారింది సహాయ పాత్ర స్థానం.

అందువల్ల ఈ పాఠంతో పాటు ఇచ్చిన నియోజిత కార్యం కోసం మీ ప్రాంతంలోని ఏదైనా ఒక గాథను తీసుకోండి. అది కాటమరాజు కథ కావచ్చు, బొబ్బిలి కథ కావచ్చు, మీ గ్రామదేవత కొలుపులో పాడేది కావచ్చు. నాయకుని గురించి ఒక్క పేరాకు మించి రాయకండి. అతని పక్కన ఉన్నవారి జాబితా తయారుచేసి, ఒక్కొక్కరి ఎదుట మూడు విషయాలు రాయండి: కథలో అతనికి పేరుందా, కులవృత్తి మాత్రమే ఉందా, అతని నోట మాట ఉందా, అతడు చనిపోతే ఎవరైనా ఏడ్చినట్లు కథ చెప్పిందా. పాడేవారు అందుబాటులో ఉంటే పుస్తకం కన్నా ముందు వారి దగ్గరికే వెళ్లండి. దళంలో వంతగా ఉన్నవారితో విడిగా మాట్లాడండి. కథకుడు పక్కన ఉంటే వారు ఎక్కువ మాట్లాడరు.

కార్తీక అమావాస్య నాటికి కారెంపూడి వెళ్లగలిగినవారు రాయబారం రోజుకల్లా అక్కడ ఉండేలా చూసుకోండి. నాగులేటి దగ్గర ఆయుధం పట్టుకుని నిలబడినవారిని పెద్దల పట్ల చూపే మర్యాదతో పలకరించి, అది ఏ వీరునిదో అడగండి. వారు చెప్పే పేరు మీ పాఠ్యపుస్తకంలో లేకపోతే దాన్ని వారు పలికినట్టే రాసుకోండి.